విహారం కుంటలో ఏం నాటాలి? బిలాస్‌పూర్ నీళ్ళు చెప్పే చరిత్ర

విహారం కట్టుకున్న చోటల్లా ఏదో ఒక రోజు ఈ మాట వస్తుంది: బుద్ధ విగ్రహం ముందు చిన్న కుంట తవ్వుదాం, అందులో తామరలు వేద్దాం. స్థలం లేని రైల్వే క్వార్టర్లలో కుంట కాస్తా సిమెంటు తొట్టి అవుతుంది. చందా పోగవుతుంది, మేస్త్రీ దొరుకుతాడు, తొట్టి తయారవుతుంది. ఆ తర్వాత నర్సరీకి వెళ్ళి అక్కడ ఏది ఉంటే అది తెచ్చి నీళ్ళలో వదిలేస్తారు. ఊదారంగు పువ్వు పూసే మొక్క చూడ్డానికి బాగుంటుంది, తొందరగా పాకుతుంది, ధర కూడా తక్కువ. రెండు వర్షాకాలాలు తిరిగేసరికి తొట్టిలో మొక్క తప్ప నీళ్ళు కనిపించవు.

ఇది తోటమాలి చూసుకోవాల్సిన పని, చరిత్ర వ్యాసానికి దీనితో ఏం సంబంధం అని పాఠకులు అడగవచ్చు. మన దేశంలో నీళ్ళ దగ్గర ఏదీ ఒట్టి తోటపని కాదు. ఏ చెరువులో ఎవరు దిగాలి, ఏ రేవులో ఎవరు ముంచుకోవాలి, బురదలో ఎవరు నిలబడాలి, పువ్వు ఎవరు అందుకోవాలి అన్నవన్నీ కులం రాసిపెట్టిన సంగతులు. అందుకే ఒక్క ఊరిని పట్టుకుని ఈ విషయం చూద్దామనుకున్నాం. ఆ ఊరు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్. మూడు నాలుగు తరాలుగా తెలుగువాళ్ళు ఉంటున్న రైల్వే ఊరు. చుట్టూ చెరువులున్న నేల. పక్కనే మన ధమ్మం వందల ఏళ్ళు నిలిచిన దక్షిణ కోసల శిథిలాలు.

ముందుగా పేర్ల తికమక తీర్చుకుందాం. అంగుత్తర నికాయంలో తథాగతుడు తన బాల్యం గురించి చెప్పిన చోటు ఒకటి ఉంది. తండ్రి ఇంట తన కోసమే కొలనులు తవ్వించారనీ, ఒకదానిలో ఉప్పల, ఒకదానిలో పదుమ, మరొకదానిలో పుండరీక పూసేవనీ ఆయన గుర్తు చేసుకుంటాడు. మన పిటకాలలో ఇంటి కొలనుకు మొక్కలు ఎంచి నాటిన ప్రస్తావన ఇదే స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్కో కొలనుకు ఒక్కో రకం. కలిపి వేయలేదు. ఎందుకో నీటిమొక్కలు పెంచినవారికి వెంటనే అర్థమవుతుంది: తామరను, కలువను ఒకే చిన్న కుంటలో వదిలేస్తే తామర దుంప అడుగంతా పాకి కలువను తినేస్తుంది.

ఉప్పల అంటే కలువ. పదుమ, పుండరీకాలు తామరలు, ఒకటి ఎర్రటిది, ఒకటి తెల్లటిది. తెలుగులో మనం వాడుకలో ఈ రెండింటినీ కలిపేస్తాం. ఆకు చూస్తే చాలు, తేడా తెలిసిపోతుంది. కలువ ఆకు నీళ్ళ మీద పడుకుని ఉంటుంది, దానికి ఒక పక్క చీలిక ఉంటుంది. తామర ఆకు గుండ్రటి పళ్ళెం, చీలిక ఉండదు, కాడ సరిగ్గా నడిమధ్య అతుక్కుని ఉంటుంది, నీటిబొట్టు దాని మీద నిలవకుండా దొర్లిపోతుంది. తామర మొదటి ఆకులు నీటి మట్టంలో తేలుతాయి, తర్వాతి ఆకులు, పువ్వులు నీటిని దాటి పైకి లేస్తాయి. బోధి పొందాక తథాగతుడు లోకంలోని మనుషులను చూసి, నీటిలోపల ఉన్నవి, నీటి మట్టానికి వచ్చినవి, నీటిని దాటి నిలిచినవి అని తామరలతో పోల్చిన సంగతి మనకు తెలుసు. కొలను గట్టున నిలబడి గమనించిన మనిషి చేసిన పోలిక అది. వృక్షశాస్త్రం ప్రకారం చూసినా తామర, కలువ దగ్గరి చుట్టాలు కావు. తామరకు దగ్గర బంధువులు నీటిలో లేనేలేవు, ప్లేన్ చెట్ల వంటి నేల మీది చెట్లు దాని వంశంలోవి.

ఇంకో తికమక కూడా తీర్చాలి. కిరాణా కొట్టులో తామర గింజలని అమ్మే పూల్ మఖానా తామర గింజ కాదు. అది ముళ్ళ ఆకుల వేరే నీటిమొక్కది. అసలు తామర గింజ నల్లగా, రాయిలా ఉంటుంది. ఆ పెంకు ఎంత గట్టిదంటే, 1951లో జపాన్‌లోని చిబా దగ్గర పీట్ మట్టి పొరలో దొరికిన గింజలను ఇచిరో ఓగా అనే వృక్షశాస్త్రజ్ఞుడు మొలకెత్తించాడు. దాదాపు రెండు వేల ఏళ్ళ నాటివని ఆయన అంచనా. మరుసటి ఏడాది అవి పూశాయి. చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన ఒక గింజ దాదాపు 1300 ఏళ్ళ తర్వాత మొలిచింది. మన ధమ్మమూ ఈ దేశంలో వందల ఏళ్ళు అణగి ఉంది. ఈ పోలికను ఇంతకంటే సాగదీయం. గింజ నుంచి తామర పెంచాలనుకునేవారికి మాత్రం ఇందులో ఒక పాఠం ఉంది: పెంకును ఒక చివర రాయి మీదో ఆకురాయి మీదో అరగదీసి, లోపలి తెల్లటి పప్పు కనిపించేదాకా నీళ్ళు దిగనివ్వకపోతే అది మీ జీవితకాలంలో మొలవకపోవచ్చు.

వినయ పిటకంలో కొలను మరింత దగ్గరగా కనిపిస్తుంది, పైగా అక్కడ తామర పూజాద్రవ్యం కాదు. సారిపుత్తుడికి ఒళ్ళంతా మంటలు పుట్టే జబ్బు చేస్తే మొగ్గల్లానుడు మందాకినీ కొలను నుంచి తామర తూళ్ళు, దుంపలు తెచ్చిపెట్టాడని మహావగ్గం చెబుతుంది. అవి తిన్నాక మంట తగ్గింది. కరువు రోజుల్లో అడవిలో దొరికేవి, కొలనులో దొరికేవి భిక్షువులు తినవచ్చని అనుమతి కూడా అక్కడే ఉంది. చుల్లవగ్గంలో ఆరామంలో కొలను కట్టుకోవడం గురించి అనుమతులున్నాయి: గట్లు కూలిపోతే ఇటుకతోనో రాతితోనో చెక్కతోనో కట్టుకోవచ్చు, నీళ్ళు పాతబడితే లోపలికి ఒక కాలువ, బయటికి ఒక తూము పెట్టుకోవచ్చు. ఇప్పుడు మన విహారాల్లో కట్టే తొట్లలో తొంభై శాతం వాటికి ఈ తూమే ఉండదు. ఇది లెక్కపెట్టి చెప్పింది కాదు, కోపంతో చెప్పింది.

అదే పిటకంలో మొక్కలను నరకడం గురించిన నియమం వివరిస్తూ మొక్కలు పుట్టే తీరును ఐదుగా విడదీశారు: వేరు నుంచి, కాండం నుంచి, కణుపు నుంచి, కొన నుంచి, గింజ నుంచి. వేరు నుంచి పుట్టేవాటికి ఉదాహరణగా పసుపు, అల్లంతో పాటు వస, వట్టివేరు, తుంగముస్తెలు చెప్పారు. కణుపు నుంచి పుట్టేవాటిలో చెరకు, వెదురు, రెల్లు ఉన్నాయి. వస, తుంగ, రెల్లు మూడూ నీటి గట్టు మొక్కలే. ఏ మొక్క దేని నుంచి లేస్తుందో తెలియకుండా నాటలేం. అందుకే ఈ పాత జాబితా ఇవాళ కూడా తొట్టి పక్కన పనికొస్తుంది.

సంయుత్త నికాయంలోని ఒక కథ మా మనసుకు బాగా దగ్గరైనది. అడవిలో ఉన్న ఒక భిక్షువు కొలనులో దిగి తామరపువ్వు వాసన చూస్తాడు. ఆ అడవి దేవత వచ్చి, ఇవ్వనిది తీసుకున్నావు, వాసన దొంగవు అంటుంది. నేను కోయలేదు, విరచలేదు, దూరం నుంచి చూశాను, అదిగో దుంపలు పెరికి పువ్వులు తుంచేస్తున్నవాణ్ణి ఏమీ అనవేం అని భిక్షువు అడుగుతాడు. అతనికి నేను చెప్పేదేమీ లేదు, నీకే చెప్పాలి అన్నది దేవత జవాబు. ఈ కథను భిక్షువు వైపు నుంచే చెబుతారు. దుంపలు పెరికే ఆ మనిషి ఎవరు, నడుము లోతు బురదలో ఎందుకు దిగాడు, ఆ దుంప ఎవరి ఇంట ఉడికింది అని ఎవరూ అడగరు. బిలాస్‌పూర్‌లో ఆ మనిషికి పేరుంది.

ఆ ఊరి పేరే బిలాసా కేవటిన్ అనే చేపలు పట్టే స్త్రీ పేరు మీద వచ్చిందని స్థానిక కథనం. కేవట్, ధీమర్ కులాలవారు తరతరాలుగా నీళ్ళను నమ్ముకుని బతికారు. పడవ, వల, సింగాడ సాగు వారివి. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పెద్ద చెరువుల ఊరిని చెప్పడానికి 'ఛై ఆగర్ ఛై కోరీ' అనే మాట ఉంది. కోరీ అంటే ఇరవై. ఆరు ఇరవైలు, పైన ఆరు, అంటే 126 చెరువులు. బిలాస్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న పాత రాజధాని రతన్‌పూర్‌కు, ఆగ్నేయాన ఉన్న మల్హార్‌కు ఈ లెక్క చెబుతారు. లెక్క కచ్చితమా అని చూడనక్కర్లేదు, చెరువులే ఊరికి గొప్ప అని చెప్పే మాట అది. అక్కడ తామర దుంపను, తూడును ఢేంస్ అంటారు, కూర వండుతారు. తామర కాయను పోఖరా అంటారు, పచ్చి గింజలు ఒలుచుకు తింటారు. మన తూటికూర అక్కడ కర్మత్తా భాజీ. సింగాడను శరదృతువులో ఉడికించి బండ్ల మీద అమ్ముతారు. రైల్వే ప్రాంతంలోని బుధవారీ బజారులో కూరగాయలు కొనే తెలుగు ఇళ్ళలో చాలామందికి ఢేంస్ అనే మాట ఇంటిమాటే అయిపోయింది.

మల్హార్‌లో 1970లలో సాగర్ విశ్వవిద్యాలయం తవ్వకాలు జరిపింది. అక్కడ బౌద్ధ శిల్పాలు దొరికాయి. ఇంకా దక్షిణాన, మహానది ఒడ్డున ఉన్న సిర్పూర్‌లో 1950లలో ఎం.జి. దీక్షిత్ జరిపిన తవ్వకాల్లో ఆనందప్రభు అనే భిక్షువు కట్టించిన విహారం బయటపడింది. క్రీ.శ. 639 ప్రాంతంలో కోసలకు వచ్చిన హ్యూయన్ త్సాంగ్ ఇక్కడ సుమారు వంద సంఘారామాలు, పది వేలకు కాస్త తక్కువగా భిక్షువులు ఉన్నారని రాశాడు. నాగార్జునుడి కోసం ఇక్కడి రాజు కొండను తొలిపించి విహారం కట్టించాడన్న కథ కూడా ఆయనే నమోదు చేశాడు. ఇక్కడి నుంచి ఆయన దక్షిణంగా ఆంధ్రకు నడిచాడు. పన్నెండు వందల ఏళ్ళు గడిచాక అదే దారిని వెనక్కి పట్టుకుని తెలుగువాళ్ళు కోసలకు వచ్చారు. వాళ్ళు వచ్చింది విహారాల కోసం కాదు, రైలు పని కోసం.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా లైను పడింది, బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు మరో లైను. ఆ కంపెనీ తర్వాత తూర్పు తీరంలో వాల్తేరు దాకా వచ్చింది. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్‌కు లైను 1931లో పూర్తయింది. విశాఖ, గంజాం జిల్లాల పేదలకు, అందులో దళితులకు, ఆ పట్టాలు ఊరు దాటే దారి అయ్యాయి. ఖరగ్‌పూర్‌లోలాగే బిలాస్‌పూర్‌లోనూ తెలుగు వాడలు వెలిశాయి. షెడ్డులో, యార్డులో, గ్యాంగులో, పారిశుద్ధ్య పనిలో వాళ్ళు నిలదొక్కుకున్నారు. కంపెనీని 1944లో ప్రభుత్వం తీసుకుంది. 2003 నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం.

రైలు వచ్చాక నీళ్ళ రూపం కూడా మారింది. కట్ట పోయడానికి పట్టాల పక్కనే మట్టి తవ్వేవారు, ఆ గుంటలు వానకు నిండి పూడక అలాగే ఉండిపోయేవి. ఆవిరి ఇంజన్లకు నీళ్ళ కోసం ప్రత్యేకంగా చెరువులు, ట్యాంకులు కట్టారు. ఆ గుంటల్లో దోమలు పెరిగాయి, మలేరియా పెరిగింది. ఎంతగా అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే మలేరియా పరిశోధన కోసమే ఒక శాస్త్రజ్ఞుణ్ణి పెట్టుకుంది. రోనాల్డ్ సీనియర్ వైట్ అనే ఆయన ఏ నీటిలో ఏ దోమ పుడుతుందో ఏళ్ళ తరబడి వెతికి రాశాడు. మనం తొట్టి కట్టేటప్పుడు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది: ఎవరూ పట్టించుకోని నీళ్ళు రైల్వే వాడకు జ్వరాలను తెచ్చాయి, ఆ జ్వరాలు ఎక్కువ పడింది కట్టల మీద పనిచేసిన గ్యాంగు మనుషుల మీద.

ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం కలకత్తాలో గార్డెన్ రీచ్ దగ్గర. హుగ్లీ నదికి సరిగ్గా అవతలి ఒడ్డున శిబ్‌పూర్ వృక్షోద్యానం ఉంది. దాన్ని 1793 నుంచి నడిపిన విలియం రాక్స్‌బర్గ్ అంతకు ముందు మన సామర్లకోటలో ఉండేవాడు. అక్కడ మొక్కలు పెంచి, మన మనుషులను అడిగి తెలుగు పేర్లు రాసుకుని, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో ఆ పని ఉంది. సింగాడకు శాస్త్రీయంగా రెండు ముళ్ళదని పేరు పెట్టింది ఆయనే. పేర్లు చెప్పిన వారి పేర్లు గానీ, బొమ్మలు గీసిన వారి పేర్లు గానీ ఆ అట్టల మీద లేవు. తెలుగు కూలీల కంటే వందేళ్ళ ముందే తెలుగు మొక్కల పేర్లు కలకత్తా చేరాయి, అదీ అనామకంగానే.

ఆ కలకత్తా వైపు నుంచే మరొకటి వచ్చింది. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతపు మొక్క, ఊదారంగు పువ్వు, ఉబ్బిన కాడలు. అందం కోసం తోట కొలనుల్లో వేసుకున్నారు. పందొమ్మిదో శతాబ్దం చివరికి అది బెంగాల్ నీళ్ళలోకి జారింది. పడవ దారులు మూసుకుపోయాయి, వరి పొలాలు మునిగాయి, చేపలు చచ్చాయి. 1936లో బెంగాల్ ప్రభుత్వం దాని మీద ఏకంగా చట్టమే చేయవలసి వచ్చింది. అదే మన గుర్రపుడెక్క. అనుకూలించిన నీళ్ళలో రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. ఇవాళ దేశంలో ఏ ఊరి చెరువు చూసినా అదే ఉంది. ఈ దేశపు నీళ్ళను ఊపిరాడకుండా చేసిన కలుపు ఒకప్పుడు ఎవరో ముచ్చటపడి పెరటి కుంటకు ఎంచుకున్న పువ్వు. నర్సరీలో నిలబడి మొక్క ఎంచేటప్పుడు ఇదొక్కటి గుర్తుంటే చాలు.

ఛత్తీస్‌గఢ్‌లో గట్ల మీద పెరిగే ఇంకో బయటి మొక్కకు జనం పెట్టిన పేరు 'బేశరం', అంటే సిగ్గులేనిది. నరికిన కొమ్మను ఎక్కడ పడేసినా అక్కడే వేళ్ళు వేస్తుంది, మేకలు తింటే విషం. గులాబీ రంగు పువ్వు చూసి దాన్ని గట్టుకు అందమని తెచ్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇక మనుషుల సంగతి. చెరువు ఊరిదే అయినా రేవులు కులాల వారీగా ఉండేవి. ఛత్తీస్‌గఢ్‌లో గురు ఘాసీదాస్ సత్‌నామ్ ఉద్యమం లేచింది ఈ నేలలోనే, ఈ అవమానం మధ్యే. ఆయన పేరుతో 1983లో బిలాస్‌పూర్‌లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. బొంబాయి శాసనమండలిలో 1923లో బోలే తీర్మానం నెగ్గి ప్రభుత్వ చెరువులు అందరివీ అన్నాక కూడా, 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో మహాడ్‌లోని చవదార్ చెరువుకు నడిచి నీళ్ళు తాగవలసి వచ్చింది. తాగాక ఆ చెరువును సవర్ణులు పేడ, మూత్రాలతో 'శుద్ధి' చేశారు. పశువులు తాగితే మైలపడని నీళ్ళవి. బొంబాయి హైకోర్టు తీర్పు మనకు అనుకూలంగా వచ్చేసరికి 1937 అయింది. రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు అని విడిగా పేర్లు పెట్టి రాయడం వెనక ఈ చరిత్ర ఉంది. బాబాసాహెబ్ తన బుద్ధ గ్రంథంలో సిద్ధార్థుడి గృహత్యాగానికి కారణంగా ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూడడాన్ని కాకుండా రోహిణీ నది నీటి తగవును ఎంచుకున్నారని మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. నీళ్ళ మీద ఎవరికి హక్కు అన్న ప్రశ్న నుంచే ఆయన బుద్ధుణ్ణి బయలుదేరదీశారు. 1956 అక్టోబరు 14న దీక్ష జరిగిన నాగ్‌పూర్ బిలాస్‌పూర్‌కు అదే రైలు దారిలో ఉంది.

అందుకే విహారం కుంటలో నాటేది అందం ఒక్కటే చూసి ఎంచవద్దని మా అభిప్రాయం. ఈ నేలలో నీళ్ళను నమ్ముకుని బతికినవారి చేతుల్లో పెరిగిన మొక్కలు, వారికి తెలిసిన మొక్కలు, తినగలిగినవి, పెరికి అదుపులో పెట్టగలిగినవి నాటాలి. దుంప నర్సరీలో కాక, తామర పెంచే కేవట్ కుటుంబం దగ్గర అడిగి, అడిగిన ధర ఇచ్చి తెచ్చుకోవాలి. ఎలా పెంచాలో కూడా వాళ్ళనే అడగాలి. నీళ్ళ పనిని కులానికి కట్టేసిన పద్ధతిని మనం పొగడం. ఆ పనిలోని తెలివిని మాత్రం ఎవరిదో వారిదే అని ఒప్పుకుంటాం.

బిలాస్‌పూర్‌లో నాటే తీరు కొంత వివరంగా చెబుతాం, మిగతా ఊళ్ళవారు తమ ఎండావానలను బట్టి మార్చుకోవచ్చు. ఎండ రోజుకు కనీసం ఆరు గంటలు పడే చోటు కావాలి. రావి చెట్టు కింద తొట్టి కట్టాలని చాలామందికి ముచ్చట, కానీ నీడలో తామర ఆకులే వేస్తుంది, పువ్వు రాదు. పైగా రాలిన ఆకు కుళ్ళి నీళ్ళు చెడతాయి. కొత్త సిమెంటు తొట్టిలో సున్నం దిగుతుంది, రెండు మూడు సార్లు నింపి పారబోశాకే మొక్క పెట్టాలి. కుళాయి నీళ్ళయితే ఒకటి రెండు రోజులు నిలవనివ్వాలి.

మట్టి దగ్గర తొందరపడకూడదు. ఛత్తీస్‌గఢ్ రైతులు నేలను నాలుగు పేర్లతో పిలుస్తారు: ఎర్ర గరప నేల భాటా, పసుపు నేల మటాసీ, కలగలుపు నేల డోర్సా, నల్ల బంకనేల కన్హార్. తామరకు కావలసింది కన్హారే. భాటా మట్టి నీటిలో నిలవదు, దుంపకు పట్టు దొరకదు. పచ్చి పేడ, కంపోస్టు కలిపితే దుంప కుళ్ళుతుంది, నీళ్ళు కంపు కొడతాయి. రంధ్రం లేని వెడల్పాటి తొట్టెలో మూడింట రెండు వంతులు బంకమట్టి నింపి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కనీసం రెండు కణుపులు, విరగని మొన ఉన్న దుంపను అడ్డంగా పడుకోబెట్టి, మొన మాత్రం మట్టి పైకి ఉండేలా కప్పాలి. ఆ మొన విరిగితే ఆ దుంప పోయినట్టే, వెలిగే దీపాన్ని పట్టుకున్నట్టు పట్టుకోవాలి. మొదట మట్టి మీద నాలుగు వేళ్ళ నీళ్ళు చాలు. ఆకులు తేలాక పెంచుతూ పోవాలి. అలా తొట్టెతో సహా కుంటలో దింపితే అది పక్క మొక్కల మీదికి పాకదు. సిద్ధార్థుడి మూడు కొలనులు మనం ఒకే కుంటలో మూడు తొట్టెలుగా పెట్టుకోవచ్చు.

కలువలో ఎంపిక వందన వేళను బట్టి ఉండాలి. నల్ల కలువ పగలు పూస్తుంది. ఎర్ర కలువ, తెల్ల కలువ సాయంత్రం విచ్చుకుని మర్నాడు పొద్దెక్కాక ముడుచుకుంటాయి. తామర తెల్లవారుజామున విచ్చుకుంటుంది, మూడు నాలుగు రోజులకు రేకులు రాలుస్తుంది. షిఫ్టు డ్యూటీల రైల్వే వాడల్లో వందన ఎక్కువగా సాయంత్రమే కనుక అక్కడ ఎర్ర కలువ లేకుండా తామర ఒక్కటే వేస్తే, మనం వచ్చే వేళకు పువ్వు ముడుచుకునే ఉంటుంది. కలువకు నీటి లోతు మూరెడు చాలు. గట్టు వెంబడి వస, తుంగ, కాస్త రెల్లు వేస్తే ఒడ్డు కోసుకుపోదు. జమ్ము చిన్న కుంటకు వద్దు, మూడేళ్ళలో అది కుంటనే నేల చేస్తుంది.

నీటి మీది వైశాల్యంలో సగం మించి ఆకు కప్పకూడదు. అంతరతామర ముద్దుగా ఉంటుందని వదలవద్దు: బోదకాలు మోసే ఒక జాతి దోమ పిల్లలు దాని వేళ్ళకూ గుర్రపుడెక్క వేళ్ళకూ అతుక్కుని గాలి పీల్చుకుంటాయి, మందు చల్లినా అందవు. చిన్న దేశీ చేపలు నాలుగు ఉంటే మామూలు దోమల బాధ తీరుతుంది. తొట్టి శుభ్రం చేసేటప్పుడు తీసిన ఏ మొక్కనూ అర్పా నదిలోనో పక్క చెరువులోనో పారేయకూడదు, ఎండబెట్టి ఎరువు చేయాలి. గుర్రపుడెక్క నదులకెక్కింది ఇలాంటి పారబోతతోనే.

తూటికూర కణుపుతో లేస్తుంది. చిన్న ముక్క బురదలో గుచ్చితే వారంలో వేళ్ళు దిగుతాయి. కుంట నీళ్ళు శుభ్రమైనవైతేనే దాన్ని కూరకు కోయాలి, కాలువ నీళ్ళు, షెడ్డు నూనె నీళ్ళు కలిసే గుంటలోది తినకూడదు, అది మలినాన్ని ఒంట్లోకి లాక్కునే మొక్క. సింగాడ వేయాలంటే కుంట కాస్త పెద్దది కావాలి. దాని విత్తనకాయ ఎండితే చచ్చిపోతుంది, అందుకే పెంచేవారు దాన్ని తడిలోనే దాచుతారు. చలికాలం చివర నారుకు పెట్టి, వానలు పడ్డాక తీగలను నీటిలో నాటుతారు. అక్టోబరు నుంచి కాయ అందుతుంది. ముళ్ళుంటాయి కనుక పిల్లలు దిగే రేవు పక్కన వద్దు.

మూడో ఏడు చలికాలంలో, ఆకులు ఎండాక, తామర తొట్టెను బయటికి తీసి బోర్లించాలి. లోపల దుంపలు ఒకదాన్నొకటి చుట్టుకుని తొట్టె ఆకారంలో ఉంటాయి. మంచి మొనలున్నవి రెండు తిరిగి నాటడానికి ఉంచి, ఒకటి రెండు మరో విహారానికి పంపి, మిగిలినవి కడిగి చక్రాలుగా కోసి వండుకోవచ్చు. ఛత్తీస్‌గఢ్ ఇళ్ళలో ఢేంస్‌ను పెరుగు పులుసులో వేస్తారు. తెలుగు ఇళ్ళలో శనగపప్పుతో వేపుడు చేస్తున్నారు, అదీ బాగానే ఉంటుంది.